హామ్ రేడియో టవర్‌కి వేరే ఎర్తింగ్ పెట్టాలా, ఇంటి ఎర్తింగ్‌కే కలపాలా?

హామ్ రేడియో లైసెన్స్ తెచ్చుకుని మేడ పక్కన టవర్ వేద్దామనుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. "అన్నా, టవర్‌కి ఎర్తింగ్ వేరేగా పెడితే పిడుగు అటే పోతుంది కదా, ఇంట్లోకి రాదు కదా?" వినడానికి బాగానే ఉంటుంది. కానీ జరిగేది దీనికి రివర్స్.

చిన్న లెక్క వేద్దాం. మామూలు పిడుగులో కరెంట్ సుమారు 30,000 ఆంపియర్లు ఉంటుంది. మీ టవర్ ఎర్తింగ్ రెసిస్టెన్స్ 10 ఓమ్‌లు అనుకోండి. రెండూ గుణిస్తే 3 లక్షల వోల్టులు! ఆ క్షణంలో టవర్ ఎర్తింగే అంత వోల్టేజ్‌కి లేస్తుంది. దూరంగా, విడిగా ఉన్న ఇంటి ఎర్తింగ్ మాత్రం చాలా కిందే ఉండిపోతుంది. మరి ఈ రెండిటినీ కలిపే దారి ఏది? యాంటెన్నా కేబుల్, మీ రేడియో సెట్, దాని పవర్ కార్డ్. అంటే పిడుగు కరెంట్‌లో కొంత మీ టేబుల్ మీదుగానే పోతుంది. సెట్ కాలిపోతుంది. ఆ టైమ్‌లో దాని మీద మీ చెయ్యి ఉంటే ప్రాణానికే ప్రమాదం.

కరెంటు తీగ మీద కాకి వాలితే దానికేం కాదు. ఎందుకంటే దాని రెండు కాళ్లూ ఒకే వోల్టేజ్ మీద ఉన్నాయి. మనకి కావాల్సింది కూడా అదే. టవర్, రేడియో, ఇల్లు అన్నీ కలిసి లేవాలి, కలిసి దిగాలి. అందుకే ఎర్తింగ్‌లన్నీ ఇంటి బయట కలిపేయాలి.

ఎలా చేయాలో చూద్దాం.

ఒకటి, టవర్ ప్రతి కాలి దగ్గర 8 అడుగుల ఎర్త్ రాడ్ దించండి. ఇంకా రాడ్లు కావాలంటే మధ్యలో కనీసం 16 అడుగుల దూరం ఉంచి, అన్నిటినీ కలపండి.

రెండు, సన్న తీగ బదులు వెడల్పాటి రాగి పట్టీ వాడండి. పొడవు తక్కువగా, పదునైన మలుపులు లేకుండా ఉండాలి. పిడుగు కరెంట్ రెండు మైక్రోసెకన్లలో పెరిగితే, తీగ ప్రతి మీటరుకీ దాదాపు 15,000 వోల్టుల తేడా వస్తుంది. బొగ్గు, ఉప్పు వేసి గుంత ఎంత బాగా తవ్వినా, పొడవాటి తీగ దాన్ని పాడుచేస్తుంది.

మూడు, కేబుల్ పైకవచాన్ని టవర్ పైనా, కిందా టవర్‌కి కలపండి. కేబుళ్లన్నీ ఒకే చోట నుంచి ఇంట్లోకి రావాలి. అక్కడ బయట ఒక లోహపు ప్లేట్ బిగించి, సర్జ్ అరెస్టర్లు దానికి పెట్టి, ప్లేట్‌ని ఎర్త్ చేయండి.

నాలుగు, ఇదంతా తీసుకెళ్లి కరెంటు మీటర్ దగ్గరి మెయిన్ ఎర్త్‌కి కలపాలి. ఈ పని లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

ఇవన్నీ చేసినా నేరుగా పిడుగు పడితే సెట్‌కి గ్యారంటీ లేదు. మీ ఫోన్‌లో దామిని యాప్ పెట్టుకోండి, దగ్గర్లో పిడుగులుంటే అలర్ట్ వస్తుంది. మబ్బులు రాకముందే కేబుల్‌ని బయటి ప్లేట్ దగ్గర ఊడదీయండి, పవర్ ప్లగ్ తీసేయండి. ఉరుము వినిపించాక మాత్రం వాటి జోలికి వెళ్లొద్దు. సెట్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు.