మీట ఎవరిష్టం వారిది, అక్షరం అందరిదీ

కంప్యూటర్లో 'నంద్యాల' అని కొట్టాలి. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో ఏడు మీటలు: న, సున్న, ద, పొల్లు, య, దీర్ఘం, ల. తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే ఆర్‌టీఎస్‌లో ఎనిమిది పడతాయి: ఎన్, ఏ, పెద్ద ఎమ్, డి, వై, పెద్ద ఏ, ఎల్, ఏ. ఒక మీట ఎక్కువే, కానీ ఇంగ్లీషు కీబోర్డు తెలిసినవాడికి కొత్తగా నేర్చుకునేది తక్కువ.

అందరికీ ఒకటే పద్ధతి పెట్టాలా, ఎవరి అలవాటుకు తగ్గట్టు వాళ్లను మార్చుకోనివ్వాలా అన్నది సాఫ్ట్‌వేర్ తయారీలో ఎప్పటినుంచో ఉన్న తగాదా. తెలుగు కీబోర్డు ఆ తగాదాలోనే పెరిగి పెద్దదైంది.

1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ ఇన్‌స్క్రిప్ట్‌ను తెచ్చింది. మన లిపుల్లో చాలావాటికి బ్రాహ్మే మూలం, వర్ణమాల వరస కూడా ఒకటే. అందుకే అచ్చులూ గుణింతాలూ ఎడమచేతికి, హల్లులు చాలామటుకు కుడిచేతికి ఇచ్చారు. కె మీట నొక్కితే క, షిఫ్ట్‌తో కలిపి నొక్కితే ఖ. కన్నడానికీ హిందీకీ ఇదే అమరిక. నంద్యాలలో నేర్చుకున్న వేళ్లు బళ్లారిలో కన్నడం కొట్టగలవు. ఇంత చక్కటి ఆలోచన మన సాంకేతిక చరిత్రలో అరుదు.

అయినా డీటీపీ కేంద్రాల్లో అను స్క్రిప్ట్ అనే సాఫ్ట్‌వేరే నిలిచింది. అందులో యాపిల్, మాడ్యులర్ వంటి అమరికల్లోంచి చేతికి పట్టుబడినదాన్ని ఎంచుకోవచ్చు. ఏళ్ల తరబడి పెళ్లిపత్రికలు కొట్టిన చేతిని ఇప్పుడు మళ్లీ ఓనమాలు దిద్దమనడం అన్యాయం.

చిక్కంతా అక్షరాన్ని దాచే చోట వచ్చింది. పాత ఫాంట్లు తలకట్టునూ గుడినీ ఒత్తునూ ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టాయి. ఆళ్లగడ్డ శిల్పి చెక్కాల్సిన దాతల పేర్లు అలాంటి ఫాంటులో వచ్చాయనుకోండి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే ఊరి పేరు కూడా పిచ్చిగీతలే. వెతికితే దొరకదు, వేరే ఫాంటుకు మారదు.

1991లో వచ్చిన యూనికోడ్ దీనికి విరుగుడు. అందులో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. క సంఖ్య 3093, ఏ కంప్యూటర్లోనైనా, ఏ ఫోనులోనైనా అదే. ఆర్‌టీఎస్ 1990ల మొదట్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. తర్వాత వీవెన్ అనే ఆయన చేసిన 'లేఖిని' అనే సాధనం ఆ అలవాటును మార్చకుండానే యూనికోడ్ అక్షరాలు చేతికిచ్చింది. తగాదా తీరాల్సిన తీరు ఇదే: వేలి దగ్గర స్వేచ్ఛ, దాచే దగ్గర కట్టుబాటు.

సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు ఒక మనవి. కొత్తవాళ్ల కోసం ఒక అమరికను సిద్ధంగా ఉంచండి, తక్కినవి కళ్లకు కనబడే చోట పెట్టండి. ఒకే కంప్యూటర్ మీద ముగ్గురు పనిచేసే చోట ఎంపిక మనిషిని బట్టి మారాలి, యంత్రానికి అంటుకుపోకూడదు. డీటీపీ మిత్రులారా, మీ చేతి అలవాటు మానుకోనక్కర్లేదు. ఫైలును మాత్రం యూనికోడ్‌లో దాచండి.