బీడీ ముక్క కోసం వదిలేసిన రీలు ఇప్పుడు ఇంట్లోనే

శంషాబాద్ : టాకీసుల్లో నేల టిక్కెట్టు మీద సినిమా చూసిన పెద్దలకు ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. అసలు సినిమాకు ముందు ఫిలిమ్స్ డివిజన్ వారి రీలు ఒకటి పడేది. ‘ఇంకా మొదలుకాలేదులే’ అంటూ మగవాళ్లు బీడీ ముట్టించుకోవడానికి బయటికి నడిచేవారు. ఆడవాళ్లు పిల్లలకు జంతికలు పంచేవారు. ఆ రీలు తప్పనిసరిగా వేయాలన్నది సర్కారు నిబంధన కాబట్టి టాకీసువారు వేసేవారు. చూసేవారు మాత్రం తక్కువ.

కేంద్ర ప్రభుత్వం 1948లో నెలకొల్పిన సంస్థ ఫిలిమ్స్ డివిజన్. ఆనకట్టలు, వరదలు, కుటుంబ నియంత్రణ వంటి విషయాలతోపాటు మన దేశపు గొప్ప చిత్రకారుల మీద కూడా అది మంచి డాక్యుమెంటరీలు తీయించింది. 2022లో ఆ సంస్థను జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనం చేశారు. అది తీసిన చిత్రాలలో చాలావాటిని ఇప్పుడు ఇంట్లో టీవీలోనో, చేతిలోని ఫోనులోనో పైసా ఖర్చు లేకుండా చూడవచ్చు. నాడు తలుపు తోసుకుని బయటికి పోయిన మనమే నేడు తలుపు వేసుకుని వాటిని చూస్తున్నామంటే కాలమహిమ కాక మరేమిటి?

నెత్తిమీద విమానం, అందని ప్రదర్శన

2008 మార్చిలో విమానాశ్రయం మొదలైన నాటినుంచి మన పల్లెల మీదుగా రాత్రింబవళ్లు విమానాలు ఎగురుతూనే ఉన్నాయి. వాటి చప్పుడుకు పసిపిల్లలు కూడా ఉలిక్కిపడడం మానేశారు. కాని ఆ విమానం ఎక్కి పరదేశం వెళ్లి ఒక చిత్రప్రదర్శన చూసివచ్చే స్తోమత మనలో ఎందరికుంది?

2023లో హాలెండు దేశంలోని ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో వెర్మీర్ అనే చిత్రకారుడి ప్రదర్శన జరిగింది. ఆయన 17వ శతాబ్దం వాడు. జీవితకాలంలో ఆయన వేసిన బొమ్మలలో నేటికి మిగిలినవి 37 దాకా మాత్రమే. అందులో 28 బొమ్మలను దేశదేశాల నుంచి తెప్పించి ఒక్కచోట పెట్టారు. కొద్ది రోజుల్లోనే టిక్కెట్లన్నీ అయిపోయాయి. ఆ ఊరివారికే దొరకని టిక్కెట్టు మనకెలా దొరుకుతుంది? అయితే ఆ ప్రదర్శన మీద తీసిన డాక్యుమెంటరీ ఆ ఏడాదే వచ్చింది.

ఆ బొమ్మలలో ఒకటి పాలు పోస్తున్న పనిమనిషిది. చేతులు ముడిచిన మోటుమనిషి. కుండలోంచి సన్నటి ధారగా పాలు జారుతుంటాయి. బల్లమీద రొట్టెలు. వెనక సున్నం గోడకు ఒక మేకు, ఎప్పుడో ఊడదీసిన మేకుల తాలూకు చిల్లులు. రాజులు లేరు, దేవతలు లేరు. మన వంటింట్లో రోజూ కనిపించే దృశ్యమే. కెమెరా దగ్గరికి వెళ్లి ఆ మేకు నీడను కూడా చూపిస్తే ‘ఇంతసేపు ఇది నాకెందుకు కనబడలేదు?’ అనిపిస్తుంది. ఈ చిత్రాల వల్ల కలిగే అసలు లాభం అదే. నిదానంగా చూడడం నేర్పుతాయి.

మాటలు లేనివి ముందు

ఇటువంటి చిత్రాలలో వ్యాఖ్యానం ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటుంది. అది చూసి వెనుకాడనక్కరలేదు. దాదాపు మాటలే లేనివీ ఉన్నాయి. వాటితో మొదలుపెట్టడం మేలు.

ఎం.ఎఫ్. హుసేన్ 1967లో ఫిలిమ్స్ డివిజన్ కోసం రాజస్థాన్‌లో ఒక చిన్న చిత్రం తీశారు. బొంబాయిలో సినిమా హోర్డింగులకు రంగులు వేసి పొట్టపోసుకున్న మనిషి ఆయన. ఆ చిత్రంలో కథ లేదు. గొడుగు, లాంతరు, చెప్పు, ఆవు, కోటగోడలు ఒకదాని వెనుక ఒకటి వస్తుంటాయి. చిత్రకారుడి కంటికి లోకం ఎలా కనిపిస్తుందో అదే చూపారు. సంగీతం కూర్చినవారు మన తెలుగు వేణువిద్వాంసులు ఏల్చూరి విజయరాఘవరావు. బెర్లిన్ చిత్రోత్సవంలో ఆ లఘుచిత్రానికి బంగారు ఎలుగుబంటి బహుమతి లభించింది.

1956లో క్లూజో అనే ఫ్రెంచి దర్శకుడు పికాసో బొమ్మలు గీస్తుండగా మరో చిత్రం తీశాడు. సిరా అవతలికి ఊరే పలుచని కాగితం మీద పికాసో గీస్తుంటే, కెమెరా కాగితానికి వెనుకవైపు ఉంటుంది. చెయ్యి కనబడదు. గీత మాత్రం దానంతట అదే పాకుతున్నట్టుంటుంది. పూలగుత్తి చేప అవుతుంది. చేప కోడి అవుతుంది. చివరికి అదే ఒక ముఖమై కూర్చుంటుంది. పిల్లలు దీన్ని కళ్లార్పకుండా చూస్తారు.

చుక్కలు ఎలా లెక్కపెట్టాడు?

మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. మా అమ్మకు రెండు కళ్లకూ శుక్లాలు. ఒకప్పుడు సంక్రాంతికి వాకిలి నిండా ముగ్గు పరిచిన మనిషి. చుక్కలు సరిగా ఆనడం లేదని మూడేళ్లుగా ముగ్గుబుట్ట ముట్టడం లేదు. ఒక సాయంత్రం తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి సత్యజిత్ రాయ్ 1972లో తీసిన ‘ఇన్నర్ ఐ’ చిత్రాన్ని టీవీలో పెట్టింది. ఇన్నర్ ఐ అంటే లోచూపు. ఇరవై నిమిషాల చిత్రం. ఇంగ్లీషు వ్యాఖ్యానాన్ని తనకు వచ్చినంతలో నానమ్మకు తెలుగులో చెప్పసాగింది.

శాంతినికేతన్‌లో రాయ్‌కి గురువైన బినోద్ బిహారీ ముఖర్జీ కథ అది. పుట్టుకతోనే ఆయన చూపు అంతంతమాత్రం. అయినా హిందీ భవన్ గోడల మీద మధ్యయుగపు సాధుసంతుల జీవితాలను చిత్రించారు. 1950లలో కంటి ఆపరేషన్ తరువాత ఉన్న చూపు కూడా పోయింది. ఆయన పని ఆపలేదు. వేళ్లతో తడుముతూ కాగితాలు కత్తిరించి అతికించారు. పలకలతో గోడచిత్రం రూపొందించారు.

అమ్మ మధ్యలో ఒక్కసారే నోరు విప్పింది. ‘మరి సుక్కలు ఎట్ల లెక్కవెట్టుకున్నడు బిడ్డా?’ అని అడిగింది. మా అమ్మాయి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

దీనివల్ల ఒక చిక్కు కూడా వచ్చిపడింది. ఆపరేషన్‌తో చూపు పోయిందన్న మాట పట్టుకుని తాను మాత్రం ఆపరేషన్‌కు రానని అమ్మ మొండికేసింది. అది డెబ్భై ఏళ్ల కిందటి మాట అనీ, ఇప్పుడు శుక్లాలు తీయించుకుని హాయిగా తిరుగుతున్నవారు వాడవాడలా ఉన్నారనీ నచ్చజెప్పడానికి వారం పట్టింది. కాని ఆ వారంలోనే ఒక తెల్లవారుజామున వాకిట్లో వంకర చుక్కల చిన్న ముగ్గు కనబడింది.

బొమ్మలు కూడు పెడతాయా?

మా అమ్మాయి నోటుపుస్తకం వెనక పేజీలన్నీ బొమ్మలే. ‘బొమ్మలు కూడు పెడతాయా?’ అని నేనూ కసిరినవాణ్నే. అందరికీ పెడతాయని ఇప్పటికీ చెప్పలేను. కాని లక్ష్మాగౌడ్ పుట్టింది మెదక్ జిల్లా నిజాంపూర్ పల్లెలో. తోట వైకుంఠం పుట్టింది కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో. ఆయన బొమ్మలలో పెద్ద బొట్టు పెట్టుకుని కనిపించేది మన తెలంగాణ పల్లెపడుచే. ‘దాసి’ సినిమాకు కళాదర్శకుడిగా ఆయన జాతీయ అవార్డు కూడా అందుకున్నారు. నేర్చుకోవాలనుకునేవారికి హైదరాబాద్ మాసాబ్‌ట్యాంకులో ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. ఇంటర్ తరువాత ప్రవేశపరీక్ష రాసి బి.ఎఫ్.ఏ.లో చేరవచ్చు. దారి ఉందని తెలిశాక పిల్లను కసిరే హక్కు మనకు లేదు.

తెర తెరే

ఒక్కటి మాత్రం మరువరాదు. తెరమీద గోడంత చిత్రమూ, గుప్పెడంత చిత్రమూ ఒక్కలాగే కనిపిస్తాయి. పాలు పోసే పనిమనిషి బొమ్మ నిజానికి సుమారు మూరెడు పొడవు, అంతకు రెండు వేళ్లు తక్కువ వెడల్పు. రంగులు కూడా టీవీ టీవీకి మారిపోతాయి. అందుకే తెరమీద నేర్చిన చూపును ఎదుట ఉన్నదాని మీద పెట్టి చూడాలి.

అందుకు దూరం పోనక్కరలేదు. నర్కూడ దగ్గర అమ్మపల్లి సీతారామచంద్రస్వామి ఆలయం ఉంది. అక్కడ సినిమా షూటింగు ఉందంటే హీరోను చూడడానికి జనం విరగబడతారు. హీరో వెనుక నిలబడిన ఏడంతస్తుల గోపురం వైపు తలెత్తి చూసేవారు అరుదు. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత ఊరికే పుట్టలేదు.

అమ్మకు ఆపరేషన్ రోజు ఖాయమైంది. అది అయ్యాక ఆమెనూ, మనవరాలినీ అమ్మపల్లి తీసుకువెళ్లాలని అనుకున్నాము. గోపురం పై అంతస్తులో ఏ బొమ్మ ఉందో ఈసారి అమ్మే మాకు చెప్పాలి.