ధర్మపురి చూడాలంటే ముందు గోదావరి గట్టుకు పోవాలె

ఈ ఎపిసోడ్ మా ధర్మపురి గురించి. నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఒకటే: "అన్నా, ధర్మపురికి వస్తున్నం, దర్శనం కాకుండా చూడడానికి ఇంకేమున్నయి?" అడిగిన దాంట్లో తప్పేం లేదు. చాలామంది కారులో వస్తరు. గోదావరిలో ఒక మునక, గుళ్లో దర్శనం, పులిహోర, గోపురం ముందు సెల్ఫీ. రెండు గంటల్లో వెనక్కి. ఇంటికి పోయినంక "గుడి బాగుంది" అనే మాట తప్ప ఊరి గురించి చెప్పడానికి ఏమీ ఉండదు.

నేను చెప్పేది చిన్న మార్పు. టైమ్ అంతే పెట్టండి, వరుస మార్చండి. ముందు గోదావరి, తర్వాత ఊరు, చివరికి గుడి. ఎందుకో చెప్తా.

నార్వేలో బెర్గెన్ అని సముద్రపు ఒడ్డు ఊరు ఉంది. ట్రావెల్ వీడియోలు చూసేవాళ్లకు గుర్తుంటది: నీళ్ల పక్కన ఎరుపు, పసుపు రంగుల చెక్క ఇళ్లు భుజం భుజం ఆనించుకొని నిలబడి ఉంటయి. ఆ వాడ పేరు బ్రిగ్గెన్. 1702లో మంటల్లో కాలిపోతే పాత పద్ధతిలోనే మళ్లీ కట్టుకున్నరు. 1979లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది. ఆ ఇళ్ల ముఖాలు నీళ్ల వైపు ఉంటయి. ఎండు చేపల వ్యాపారం పడవల మీద నడిచింది కాబట్టి. ఊరికి బతుకుదెరువు ఎటు నుంచి వస్తే, ఊరి ముఖం అటే ఉంటది.

ఇప్పుడు ఇదే లెక్క ధర్మపురికి వేసి చూడండి. ఇక్కడ గోదావరి దగ్గరికి వచ్చింది సరుకు కాదు, మనుషులు. స్నానానికి వచ్చిన్రు, మొక్కు తీర్చడానికి వచ్చిన్రు, చనిపోయినవాళ్ల అస్థికలు కలపడానికి వచ్చిన్రు. వాళ్ల చుట్టూ పూజారులు, పూల దుకాణాలు, సత్రాలు, వేదం చెప్పే పండితులు. ఊరు అట్ల పెరిగింది.

గట్టు మీద నిలబడి ఫోన్‌లో మ్యాప్ తెరవండి. గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి, సుమారు 1,465 కిలోమీటర్లు పారి బంగాళాఖాతంలో కలుస్తుంది. మొత్తం మీద దాని దారి ఆగ్నేయం వైపు. ధర్మపురి దగ్గర మాత్రం దక్షిణానికి తిరుగుతుంది. అందుకే ఇక్కడి గోదావరిని దక్షిణవాహిని అంటరు. మన సంప్రదాయంలో దక్షిణం యముడి దిక్కు, పితృదేవతల దిక్కు. ఇది తెలిస్తే గుళ్లో కనిపించే ఒక వింతకు అర్థం దొరుకుతది. దాని దగ్గరికి తర్వాత వస్తా.

గట్టు మీద ఉన్నప్పుడే ఒక మాట. తెల్లవారుజామున ఘాట్ల మీద వెలుగు చాలా బాగుంటది, రీల్స్‌కు అంతకన్నా మంచి టైమ్ లేదు. కానీ అదే టైమ్‌లో పక్క మెట్టు మీద ఎవరో తండ్రికి పిండం పెడుతుంటరు, గుండు చేయించుకొని తడి బట్టలతో కూర్చొని ఉంటరు. వాళ్లు ఈ ఊరికి చూడడానికి రాలేదు, వీడ్కోలు చెప్పడానికి వచ్చిన్రు. మా టీమ్‌కు ఒకటే రూల్: ఘాట్ మీద కెమెరా నీళ్ల వైపు తిరుగుతది, మనుషుల వైపు తిరగదు. మీరు కూడా అట్లనే చేయండి.

ఇక గట్టు నుంచి ఊర్లోకి నడవండి. ప్రధాన ఆలయం లక్ష్మీనరసింహస్వామిది. ఇక్కడ స్వామి యోగముద్రలో ఉంటడు, యోగానంద నరసింహుడు. ఉగ్ర నరసింహుడి గుడి కూడా ఇక్కడే ఉంది. పక్కనే రామలింగేశ్వరాలయం. శివుడు, విష్ణువు పక్కపక్కనే ఉండడం వల్ల దీన్ని హరిహర క్షేత్రం అని కూడా అంటరు. ధర్మవర్మ అనే రాజు తపస్సు వల్ల ఊరికి ఈ పేరు వచ్చిందని స్థలపురాణం.

ఇప్పుడు నేను చెప్పిన వింత. ఈ ప్రాంగణంలో యమధర్మరాజు గుడి ఉంది. మన దేశంలో యముడికి గుళ్లు చాలా అరుదు. ప్రాణాలు తీసి తీసి మనశ్శాంతి పోయిన యముడు ఇక్కడికి వచ్చి, గోదావరిలో స్నానం చేసి, నరసింహుణ్ని కొలిచి శాంతి పొందాడని కథ. "ధర్మపురికి వచ్చినవాళ్లకు యమపురి ఉండదు" అనే మాట అట్ల పుట్టిందే. ప్రతి నెలా భరణి నక్షత్రం రోజు ఇక్కడ ప్రత్యేక పూజలు జరుగుతయి, ఎందుకంటే భరణికి అధిదేవత యముడు.

నేరుగా గుడికి వచ్చినవాళ్లకు ఇది "రేర్ టెంపుల్" అనే థంబ్‌నెయిల్ లెక్కనే కనిపిస్తది. గట్టు మీద గంట కూర్చొని వచ్చినవాళ్లకు వేరే తీరుగా కనిపిస్తది. పొద్దున అయినవాళ్ల అస్థికలు కలిపిన మనిషి, మధ్యాహ్నం ఇదే యముడి ముందు నిలబడతడు. ఆ దేవుడు కూడా ఒకప్పుడు బాధతోనే ఇక్కడికి వచ్చిండని వింటడు. నాకైతే ఊరు మొత్తం ఆ ఒక్క కథ చుట్టే కట్టినట్టు అనిపిస్తది.

తర్వాత బ్రహ్మ పుష్కరిణి. మామూలు రోజుల్లో ప్రశాంతంగా ఉండే కోనేరు. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలప్పుడు ఇక్కడే తెప్పోత్సవం, డోలోత్సవం జరుగుతయి. ఆ రోజుల్లో రావాలనుకుంటే పొద్దున్నే చేరుకోండి, సాయంత్రానికి మెట్ల మీద చోటు దొరకదు.

ఇంకో సంగతి. చిన్నప్పుడు బడిలో నరసింహ శతకం పద్యాలు చదివిన్రు కదా? రాసిన శేషప్ప కవి ఇక్కడివాడే. ఆ శతకం మకుటంలోనే ఈ ఊరి పేరు ఉంది. ధర్మపురి ఎక్కడుందో తెలియని పిల్లలు కూడా తరతరాలుగా ఈ ఊరి పేరు నోటితో పలుకుతనే ఉన్నరు.

ఇప్పుడు ముఖ్యమైన విషయం, నీళ్లు. ఈ పార్ట్ స్కిప్ చేయకండి.

పుస్తకాల్లో చదివిన గోదావరి వేరు, ఇప్పుడు మీ ముందు పారే గోదావరి వేరు. పైన శ్రీరాంసాగర్ ఉంది, కడెం ప్రాజెక్టు ఉంది. కింద శ్రీపాద ఎల్లంపల్లి ఉంది. అంటే ధర్మపురి దగ్గర నది మట్టం ఇక్కడ పడే వాన మీద మాత్రమే ఆధారపడదు, పైన గేట్లు ఎప్పుడు ఎత్తుతరు అనే దాని మీద కూడా ఆధారపడుతది. మన నెత్తిన ఎండ కొడుతున్నా నది పెరగవచ్చు.

వార్తల్లో "లక్ష క్యూసెక్కులు విడుదల" అని వింటరు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, దగ్గర దగ్గర 28 లీటర్లు. లక్ష క్యూసెక్కులంటే సెకనుకు 28 లక్షల లీటర్లు. మన వాడకు వచ్చే 5,000 లీటర్ల వాటర్ ట్యాంకర్లు సెకనుకు 560 పైన! అదే ప్రవాహం ఒక రోజంతా ఉంటే 8.64 టీఎంసీలు. ఎల్లంపల్లి మొత్తం నిల్వ సుమారు 20 టీఎంసీలు, అంటే రెండున్నర రోజుల్లోపే నిండుతుంది. 2022 జులైలో కడెం డ్యామ్ నిలుస్తదా లేదా అని రాష్ట్రమంతా టీవీల ముందు కూర్చున్నది గుర్తుందా? అప్పుడు చూసింది ఈ లెక్కనే.

ఎండాకాలం కథ ఇంకో తీరు. నీళ్లు తగ్గి, మెట్లు దిగినంక ఇసుక, రాళ్లు, అక్కడక్కడ మడుగులు మిగులుతయి. పైకి నిలకడగా ఉన్న మడుగే లోతు దాచిపెడతది. ఇక్కడి తీర్థాల పేర్లు వినండి: బ్రహ్మగుండం, యమగుండం, సత్యవతి గుండం, పాలగుండం, చక్రగుండం. గుండం అంటేనే లోతైన మడుగు. పాతకాలం వాళ్లు పేరులోనే హెచ్చరిక పెట్టిన్రు. కాబట్టి మెట్ల దగ్గరే స్నానం చేయండి. ఈత వచ్చినా సరే, తెలియని చోట దిగకండి. ఫొటో కోసం వెనక్కి అడుగులు వేయకండి. పిల్లల చెయ్యి వదలకండి. ఏటా ఏదో ఒక ఘాట్ దగ్గర మునకకు దిగి ఇంటికి తిరిగి పోనివాళ్ల వార్త చదువుతనే ఉన్నం.

ఇదంతా ఇప్పుడే ఎందుకు చెప్తున్నా అంటే, బృహస్పతి సింహరాశిలో ప్రవేశించినప్పుడు గోదావరి పుష్కరాలు వస్తయి. పోయినసారి 2015 జులై 14 నుంచి 25 వరకు జరిగినయి. మళ్లీ 2027లో. ఆ పన్నెండు రోజుల్లో ఈ చిన్న ఊరికి ఎంత జనం వస్తరో 2015ను చూసినవాళ్లకు తెలుసు. అంత జనంలో ఊరిని చూడడం కుదరదు, తోసుకుంటూ పోవడమే. నిదానంగా చూడాలంటే ఆ లోపే ఒక మామూలు వారం రోజు రండి. వచ్చినప్పుడు షాంపూ ప్యాకెట్లు, ప్లాస్టిక్ కవర్లు, పాత బట్టలు నదిలో వదలకండి. మీరు మునిగే నీళ్లే కిందికి పోయి ఇంకొకరి బిందెలోకి ఎక్కుతయి.

రావడానికి దారి: 63వ నంబరు జాతీయ రహదారి మీద జగిత్యాలకు, మంచిర్యాలకు మధ్యలో ఉంటది ధర్మపురి. కరీంనగర్ నుంచి జగిత్యాల మీదుగా బస్సులు ఉన్నయి. ఊర్లో రైల్వే స్టేషన్ లేదు. కాజీపేట–బల్లార్షా లైన్‌లో వచ్చేవాళ్లు మంచిర్యాలలో దిగి బస్సు పట్టుకోవచ్చు. పొద్దున ఆరుకు గట్టు మీద ఉంటే, ఎనిమిదికి ఊర్లో నడక, తొమ్మిదికి దర్శనం, పదకొండుకు కోనేరు. మధ్యాహ్నం ఖాళీ.

ఆ మధ్యాహ్నానికి కోటిలింగాల పెట్టుకోండి. నది వెంట కిందికి పోతే, పెద్దవాగు గోదావరిలో కలిసే చోట ఉంటది. తొలి శాతవాహన రాజు సిముకుడి నాణేలు దొరికిన ఊరు అది. వచ్చే ఎపిసోడ్ దాని మీదనే. అప్పటిదాకా ఉంటా మరి, నమస్తే.