పరికల్పన: ఖరగ్‌పూరు తెలుగు

బెంగాల్-నాగపూరు రైల్వే కాలమున కళింగాంధ్రమునుండి వచ్చి ఖరగ్‌పూరున స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము. "అచ్చటి తెలుగు చెడిపోయినది" యనుట అభిప్రాయమే కాని పరికల్పన కాదు. చెడుటను కొలుచుట యెట్లు? "తాతల మాటలో కంటె మనుమల మాటలో హిందీ, బంగాళీ పదములు హెచ్చు" అన్నచో పరీక్షకు నిలుచును. మార్పు ఎటు జరిగెనో చెప్పుటచే ఇది దిశాత్మక పరికల్పన. భేదమున్నదని మాత్రమే యన్నచో దిశారహితము. అసలు భేదమే లేదనునది శూన్య పరికల్పన. ఈ పేరును 1935లో రోనాల్డ్ ఫిషర్ తన గ్రంథమున వాడెను. స్వభాషాభిమానియగు పరిశోధకునకు దీని యవసరమే మిక్కుటము. తాను వగచుచున్న నష్టమును ముందుగా లేదనుకొని, రైల్వే కాలనీలలో సేకరించిన మాటలు ఆ యూహను త్రోసిపుచ్చునో లేదో చూడవలెను. త్రోసిపుచ్చకున్నను భేదము లేదని తేలినట్లు కాదు. ఉన్నదనుటకు ఆధారము చాలలేదనియే అర్థము.