పక్కన నిలబడి పని నేర్పేటోళ్లు కావాలె

ఊర్లె వికలాంగుల ముచ్చట వస్తే మనోళ్లకు మొదలు యాదికొచ్చేది పెన్షన్. 4,016 రూపాయలు పడ్డయా లేదా, సదరం క్యాంపు ఎప్పుడు, సర్టిఫికెట్‌ల ఎంత పర్సెంట్ రాసిన్రు అని అడుగుతరు. ఇవి అడగాల్సిన మాటలే. పెన్షన్ హక్కు, ఎవ్వల దయ గాదు. కాని ఇరవై ఏండ్ల పిల్లగాణ్ని కూసోబెట్టుకొని "నువ్వు ఏం పని చేద్దామనుకుంటున్నవ్?" అని అడిగేటోళ్లు ఎంతమంది? నేను ఊర్లు తిరిగేటప్పుడు ఎక్కువ చూసేది ఇదే. తల్లిని అడుగుతరు, తండ్రిని అడుగుతరు, ఆ పిల్లగాణ్ని మాత్రం అడగరు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంల వికలాంగులు 2.68 కోట్ల మంది. అందుల నూటికి 69 మంది ఊర్లల్లనే ఉన్నరు. ట్రైనింగ్ సెంటర్లేమో ఎక్కువ పట్నంలనే ఉంటయి. ఒకవేళ పొయ్యి నేర్చుకున్నా, ముందుగాల ట్రైనింగ్, తర్వాత కొలువు అన్నదే పద్ధతి. మూడు నెలలు కంప్యూటరో, కుట్టుపనో నేర్పి సర్టిఫికెట్ చేతుల పెడుతరు. ఫొటో దిగుతరు. ఆ తర్వాత ఎవ్వల తొవ్వ వాళ్లదే.

దీంట్ల తక్లీఫ్ ఏందంటే, మేధో వైకల్యం, ఆటిజం ఉన్న పిల్లలకు ఒక రూముల నేర్చుకున్న పని ఇంకో జాగల అట్లనే చేసుడు కష్టమయితది. జాగ మారితే, మనుషులు మారితే, చప్పుడు మారితే మళ్ల మొదటికొస్తది. అప్పుడు ఓనరు "వీనితోని కాదు" అంటడు. నేర్పిన తీరు తప్పయితే, పేరు మాత్రం పిల్లగానికి వస్తది.

దీన్ని తిరగేసిన పద్ధతి ఒకటి ఉన్నది. ముందు పని జాగకు తీస్కపోవుడు, అక్కన్నే నేర్పుడు. 1996ల అమెరికాల సిన్సినాటి పిల్లల దవాఖానల ఇట్లనే షురూ అయ్యింది. ఎమర్జెన్సీ విభాగంల సామాను సర్దే పనికి వచ్చినోళ్లు నిలుస్తలేరు. ఆ విభాగం చూసే నర్సమ్మ, మన దగ్గరికి వైద్యానికొచ్చే వికలాంగులకే ఈ పని ఎందుకు ఇయ్యొద్దని ఆలోచన చేసింది. అదే ప్రాజెక్ట్ సెర్చ్ అయ్యి వేరే దేశాలకు గూడ పోయింది. ఇంగ్లండ్‌ల 2013 నుంచి దీన్ని సపోర్టెడ్ ఇంటర్న్‌షిప్ పేరుతోని నడుపుతున్నరు. 16 నుంచి 24 ఏండ్ల పిల్లలకు, తక్కువల తక్కువ ఆరు నెలలు, ఎక్కువ టైం పని జాగలనే.

దీనికి పాణం లెక్క ఉండేది జాబ్ కోచ్. పక్కన నిలబడి పని నేర్పే మనిషి. మండలంల ఒక సూపర్ మార్కెట్ అనుకుందాం. ర్యాకుల సరుకు సర్దే పని. కోచ్ ముందుగాల ఆ పని తనే చేసి చూస్తడు. తర్వాత దాన్ని ముక్కలు చేస్తడు. డబ్బ కొయ్యాలె, తారీఖు చూడాలె, పాత సరుకు ముంగటికి జరపాలె, కొత్తది ఎనుక పెట్టాలె, పేరు బయటికి కనబడాలె. చదువు రాకుంటే బొమ్మల కార్డు చేస్తడు. మొదటి వారం భుజం పక్కనే ఉంటడు. రెండో నెలల వారానికి రెండు సార్లు వస్తడు. తర్వాత ఫోన్ల మాట్లాడుతడు. మెల్లగ తప్పుకునుడే ఆయన అసలు పని. బస్సు ఎక్కుడు గూడ నేర్పుతడు. తోటి పనోళ్లకు "ఒక్కసారి ఒక్క మాటే చెప్పున్రి" అని సమజ్ చేస్తడు.

మన దగ్గర చట్టాలు లేక ఇది ఆగలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం సర్కారు కొలువులల్ల 4 శాతం ఇచ్చింది. కాని సర్కారు కొలువులు ఎన్నున్నయి? అదే చట్టం కింద వచ్చిన రూల్స్ ప్రకారం 20 మంది, అంతకన్న ఎక్కువ పనిచేసే ప్రైవేటు సంస్థలు గూడ సమాన అవకాశాల పాలసీ రాసి, అందరికి కనబడేటట్టు పెట్టాలె. ఈ పని చూసుకునే ఆఫీసరును పెట్టాలె. 2021ల వికాస్ కుమార్ కేసుల సుప్రీంకోర్టు, పరీక్షల రాసిపెట్టే మనిషిని అడిగిన అభ్యర్థికి 40 శాతం వైకల్యం లేదని సాయం ఆపొద్దని తీర్పిచ్చింది. ఇంకోదిక్కు అప్రెంటిస్ చట్టం ఉన్నది. 30 మంది, అంతకన్న ఎక్కువ ఉన్న సంస్థలు 2.5 నుంచి 15 శాతం దాంక అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందే, స్టైపెండ్ ఇయ్యాల్సిందే.

ఈ రెండు చట్టాలను కలుపున్రి. పని జాగ దొరికింది, స్టైపెండ్ దొరికింది. ఇగ లేనిది ఒక్కటే, పక్కన నిలబడే మనిషి. పట్నంల కొన్ని స్వచ్ఛంద సంస్థలు ఈ పని చేస్తున్నయి గాని, అది ఊరి దాంక రావాల్నంటే సర్కారే జీతమియ్యాలె. ఇంగ్లండ్‌ల కోచ్ ఖర్చుకు సర్కారు నిధి ఉన్నది.

అయితే వాళ్లది ఉన్నదున్నట్టు తెచ్చుకోవద్దు. అక్కడ ఇంటర్న్‌షిప్ చదువు కిందికి వస్తదని జీతమియ్యరు. మన ఇండ్లల్ల ఆరు నెలలు ఉత్తగ పనిచేసే పరిస్థితి ఉన్నదా? మొదటి నెల నుంచే స్టైపెండ్, బస్సు కిరాయి ఉండాలె. లేకుంటే ఒక బ్యాచ్‌ను పంపి ఇంకో బ్యాచ్‌ను దింపుతరు, ఇంటర్న్‌షిప్ పేరు మీద వెట్టి అయితది. ఎంతమందికి ట్రైనింగ్ ఇచ్చిన్రన్నది కాదు లెక్క. ఏడాది తర్వాత ఎంతమంది జీతం తీసుకుంటున్నరన్నదే లెక్క.

పెన్షన్ పోతదన్న భయం గూడ ఉత్తదేం గాదు. పదేండ్లు తిరిగి తెచ్చుకున్న పెన్షన్‌ను, రేపు ఉంటదో ఊడుతదో తెల్వని కొలువు కోసం ఏ తల్లి వదులుకుంటది? పనిల చేరినంత మాత్రాన పెన్షన్ ఆపమని సర్కారు రాతపూర్వకంగ చెప్పాలె. పని చేసే పరిస్థితే లేనోళ్లు ఉంటరు. వాళ్లను ఇది చూపెట్టి తక్కువ చేసుడు మహా తప్పు.

ఇగ తమ్ముళ్లు, చెల్లెళ్లు, మీ మాటకొద్దాం. మీ మండలంల మిల్లో, దవాఖాననో, పెద్ద షాపో ఉంటది కదా. 20 మందికి పైన పనిచేస్తుంటే ఆ పాలసీ ఏడున్నదని అడుగున్రి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌ల 1984 నుంచి మేధో వైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థ ఉన్నది. ఆ సంస్థతోని ప్రతి జిల్లాల జాబ్ కోచ్‌లను తయారు చేయించాలని కలెక్టరుకు ప్రజావాణిల దరఖాస్తు పెట్టున్రి. డిగ్రీ చదివి ఖాళీగ ఉన్నోళ్లు మీలనే మస్తు మంది ఉన్నరు. ఓపిక ఉన్న మనిషికి, ఊరి మనుషులు తెల్సినోళ్లకు ఈ పని బరాబర్ సరిపోతది. ఒక్క కోచ్ కొలువు పెడితే ఇద్దరు ముగ్గురికి తొవ్వ దొరుకుతది. అడగాల్సింది మనమే.