లంగ్ క్యాన్సర్: తగ్గని దగ్గును లైట్ తీసుకుంటున్నారా? తొలి దశలో దొరికితే ఎంత తేడానో చెబుతున్న ట్రయల్స్ ఇవే..

పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం.. చుట్టూ పరిశ్రమలు, రోడ్డెక్కితే లారీలు. సంగారెడ్డి జిల్లా పటేల్‌గూడ లాంటి చోట దగ్గు మొదలైతే "దుమ్ము పడలేదులే" అని సరిపెట్టుకోవడం తేలిక. నెల దాటినా తగ్గకపోతే టీబీ అనుకుని మందులు వాడేవాళ్లూ ఉంటారు. ఈలోపే విలువైన సమయం చేజారిపోతుంది. మన దేశంలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువ మందిలో మూడు, నాలుగు దశల్లోనే బయటపడుతోంది. అదే తొలి దశలో దొరికితే చేయగలిగింది ఇప్పుడు చాలా ఉందని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి.

తొలి దశ అంటే ఏంటి?
గడ్డ ఊపిరితిత్తిలోనే ఉండటం, లేదా పక్కనున్న లింఫ్ గ్రంథుల వరకే పాకడం. అంటే ఆపరేషన్‌తో తీసేయగలిగే స్థితి అన్నమాట. అయితే సర్జరీ బాగా జరిగినా, కంటికి కనిపించని కణాలు మిగిలి కొందరిలో జబ్బు తిరగబెడుతుంది. దాన్ని ఆపడం ఎలా? డాక్టర్లు వెతుకుతున్నది ఈ ప్రశ్నకే జవాబు.

ఆపరేషన్ తర్వాత రోజుకో మాత్ర
'అడౌరా' అనే ట్రయల్‌లో 682 మంది పాల్గొన్నారు. అందరికీ గడ్డ తీసేశారు. అందరి గడ్డలోనూ ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉంది. సగం మందికి ఒసిమెర్టినిబ్ మాత్ర, మిగతా వారికి మందు లేని డమ్మీ మాత్ర మూడేళ్ల వరకు ఇచ్చారు. 2023లో వచ్చిన ఫలితాల ప్రకారం, ఐదేళ్ల తర్వాత మందు వాడినవారిలో 88 శాతం మంది బతికున్నారు. డమ్మీ మాత్ర వాడినవారిలో ఇది 78 శాతమే. ఈ జన్యు మార్పు ఆసియా వాసుల్లో, పొగ తాగని వారిలో ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి "సిగరెట్ ముట్టను, నాకెందుకొస్తుంది" అన్న ధీమా పనికిరాదు.

ఆపరేషన్‌కు ముందే ఇమ్యునోథెరపీ
'చెక్‌మేట్ 816' ట్రయల్ వివరాలు 2022లో వచ్చాయి. సర్జరీకి ముందు కీమోతో పాటు నివోలుమాబ్ ఇంజెక్షన్ మూడు విడతలు ఇచ్చారు. తర్వాత పరీక్షిస్తే 24 శాతం మందిలో క్యాన్సర్ ఆనవాళ్లే లేవు. కీమో ఒక్కటే ఇచ్చినవారిలో ఇది 2.2 శాతం.

చిన్న గడ్డకు చిన్న కోత
గడ్డ 2 సెంటీమీటర్ల లోపే ఉంటే ఊపిరితిత్తి లోబ్ మొత్తం తీసేయక్కర్లేదని, కొంత భాగం తీసినా ఫలితం తగ్గదని జపాన్ (2022), అమెరికా (2023) ట్రయల్స్ తేల్చాయి. అయితే అంత చిన్నగా ఉన్నప్పుడే దొరకాలి.

ట్రయల్‌లో చేరమంటే భయపడాలా?
మందుల కంపెనీలున్న ఈ బెల్ట్‌లో 'క్లినికల్ ట్రయల్' అనే మాట కొత్త కాదు. "మనమీద ప్రయోగం చేస్తారేమో" అన్న అనుమానమూ సహజమే. కానీ 2019 నాటి నిబంధనల ప్రకారం ఎథిక్స్ కమిటీ అనుమతి, రోగి రాతపూర్వక సమ్మతి తప్పనిసరి. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి. ఇష్టం లేకపోతే మధ్యలోనే బయటకు వచ్చేయొచ్చు. ఆ ట్రయల్ సీటీఆర్ఐ వెబ్‌సైట్‌లో నమోదైందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు.

ఖర్చు సంగతేంటి?
అసలు అడ్డంకి ఇదే. 2024లో ఒసిమెర్టినిబ్‌పై కస్టమ్స్ సుంకం ఎత్తేశారు, జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. అయినా మధ్యతరగతికి అది భారమే. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో రూ.10 లక్షలకు పెరిగింది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. కార్మికులకు ఈఎస్ఐ కార్డు ఉంటుంది. ఏ మందు ఏ పథకంలోకి వస్తుందో చికిత్సకు ముందే అడిగి తెలుసుకోవాలి.

ఎప్పుడు టెస్ట్ చేయించుకోవాలి?
మూడు వారాలు దాటిన దగ్గు, కఫంలో రక్తం, ఆయాసం, కారణం లేకుండా బరువు తగ్గడం.. వీటిలో ఏది ఉన్నా డాక్టర్‌ను కలవాలి. కఫం పరీక్షలో టీబీ తేలకపోయినా, టీబీ మందులకు దగ్గు తగ్గకపోయినా సీటీ స్కాన్ అవసరమా అని అడగాలి. చిన్న గడ్డలు ఎక్స్‌రేకు దొరక్కపోవచ్చు. ఏళ్ల తరబడి బాగా పొగ తాగిన 53 వేల మందికి పైగా పాల్గొన్న అమెరికా అధ్యయనంలో, ఎక్స్‌రేతో పోలిస్తే తక్కువ మోతాదు సీటీ స్కాన్ వల్ల లంగ్ క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి. సిలికా, ఆస్బెస్టాస్ దుమ్ములో పనిచేసినవాళ్లు ఆ విషయం డాక్టర్‌కు తప్పక చెప్పాలి.

కొత్త మందులు ఎన్ని వచ్చినా, వాటి పూర్తి ఫలితం అందేది తొలి దశలో ఆసుపత్రి మెట్లెక్కినవారికే.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. చికిత్స విషయంలో డాక్టర్ సలహానే పాటించండి.