డిజైన్ ఉంది, డబ్బుంది, ఫ్యాబ్‌లో చోటే లేదు

ఎన్విడియా, యాపిల్, ఏఎండీ, క్వాల్‌కామ్. ఏటా వేల కోట్ల డాలర్ల వ్యాపారం చేసే ఈ కంపెనీల్లో ఒక్కదానికి కూడా తన ప్రాసెసర్ తాను తయారుచేసుకునే ఫ్యాక్టరీ లేదు. డిజైన్ వరకే వీళ్ల పని. తయారీకి దాదాపు అందరూ వెళ్లేది ఒక్కచోటికే, తైవాన్‌లోని టీఎస్‌ఎంసీకి. దశాబ్దాలుగా సొంత ఫ్యాబ్‌లు, అంటే చిప్ ఫ్యాక్టరీలు నడుపుతున్న ఇంటెల్ సైతం లూనార్ లేక్ ప్రాసెసర్‌లో ముఖ్యమైన భాగాలను అక్కడే చేయించుకుంది. ఇంత డబ్బున్నవాళ్లు కూడా వంతు కోసం ఎందుకు కాచుకోవాలి?

వేరే ఫ్యాబ్‌లు లేవా?

మామూలు చిప్‌లకు బోలెడు ఉన్నాయి. కరువంతా అతి సన్నని గీతలు వేయగలిగిన ఫ్యాబ్‌లకే. 7 నానోమీటర్ల దశ దగ్గర పెట్టుబడి గిట్టదని 2018లో గ్లోబల్‌ఫౌండ్రీస్ పోటీ నుంచి తప్పుకుంది. చైనాలోని ఎస్‌ఎంఐసీకి అవసరమైన యంత్రాలు అమ్మనివ్వడం లేదు. ఇక మిగిలింది టీఎస్‌ఎంసీ, శామ్‌సంగ్, ఇంటెల్. వీటిలోనూ ఎవరి దగ్గర చేయించాలో తేల్చేది యీల్డ్, అంటే వేఫర్ అనే సిలికాన్ బిళ్ల మీద అచ్చువేసిన చిప్‌లలో ఎన్ని పనికొచ్చాయన్న లెక్క. నాణ్యత తేడా కూడా చిన్నదేం కాదు. క్వాల్‌కామ్ తన స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 1ను శామ్‌సంగ్‌లో చేయించింది. అది వేడెక్కుతోందన్న ఫిర్యాదులు వచ్చాయి. దాని తర్వాతి 8 ప్లస్ జెన్ 1ను 2022లో టీఎస్‌ఎంసీకి మార్చేసింది.

మరి ఇంకో ఫ్యాబ్ కట్టొచ్చు కదా?

కడుతున్నారు, కానీ దానికి ఏళ్లు పడుతుంది. అరిజోనాలో ఫ్యాబ్ పెడతామని టీఎస్‌ఎంసీ ప్రకటించింది 2020 మేలో. అక్కడ పెద్ద ఎత్తున ఉత్పత్తి మొదలయ్యేసరికి 2024 ఆఖరైంది. మొదట 1,200 కోట్ల డాలర్లన్న ప్రణాళిక, ఫ్యాబ్‌ల సంఖ్య పెంచుకుంటూ పోగా 2025 మార్చికి 16,500 కోట్లకు చేరింది.

డబ్బు పోసినా తొందరపెట్టలేనిది ఆ సన్నని గీతలను కాంతితో అచ్చువేసే ఈయూవీ యంత్రం. ప్రపంచంలో దీన్ని చేసేది నెదర్లాండ్స్‌లోని ఏఎస్‌ఎంఎల్ ఒక్కటే. దాని లోపల ఏం జరుగుతుందో చూస్తే ఆలస్యం ఎందుకో అర్థమవుతుంది. కరిగిన తగరం బొట్లు సెకనుకు 50,000 చొప్పున రాలుతుంటాయి. గాలి తీసేసిన గదిలో ఒక్కో బొట్టును లేజర్ రెండుసార్లు కొడుతుంది. మొదటి దెబ్బకు బొట్టు అప్పడంలా పలచబడుతుంది, రెండో దెబ్బకు ప్లాస్మా అయి 13.5 నానోమీటర్ల కాంతిని వెదజల్లుతుంది. ఆ కాంతిని గాజు మింగేస్తుంది కాబట్టి లెన్సులు పనికిరావు, అద్దాలే వాడాలి. ఆ అద్దాలను జర్మనీలోని జైస్ చేస్తుంది. 2024లో ఏఎస్‌ఎంఎల్ లెక్కకెక్కించిన ఈయూవీ అమ్మకాలు 44. ప్రపంచం మొత్తానికి అంతే.

ఫ్యాబ్ యజమాని భయం కూడా అర్థం చేసుకోవాలి. వేల కోట్ల డాలర్ల యంత్రాల విలువ అయిదారేళ్లలో ఖాతాపుస్తకాల్లో కరిగిపోతుంది. గిరాకీ తగ్గి ఫ్యాబ్ ఖాళీగా ఉంటే ఆ నష్టం పూర్తిగా తనదే. అందుకే టీఎస్‌ఎంసీ ఆచితూచి కడుతుంది. ఆ జాగ్రత్తను నేను తప్పుపట్టను.

ఇక్కడ చోటు లేకపోతే డిజైన్ పట్టుకుని ఇంకో ఫ్యాబ్‌కు పోలేరా?

హైదరాబాద్‌లో ఏఎండీలోనో క్వాల్‌కామ్‌లోనో ఫిజికల్ డిజైన్ చేసే ఇంజనీర్లు మన ఇళ్లలోనే ఉన్నారు, వాళ్లనే అడగండి. ఏ ఫ్యాబ్‌కు ఆ ఫ్యాబ్ తన నిబంధనల కిట్ ఇస్తుంది. రెండు తీగల మధ్య ఎంత ఎడం ఉండాలి, ట్రాన్సిస్టర్ ఎంత వేగంగా స్పందిస్తుంది, కరెంటు ఎంత లీకవుతుంది, ఇవన్నీ ఒక్కో ఫ్యాబ్‌లో ఒక్కోలా ఉంటాయి. ఫ్యాబ్ మార్చారంటే లేఅవుట్ మళ్లీ గీయాలి, టైమింగ్ మళ్లీ సరిచూడాలి, గీతలను వేఫర్ మీదికి దించే మాస్కులు కొత్తగా చేయించాలి. నెలల తరబడి రాత్రింబవళ్లు కూర్చుని టేపౌట్ చేసిన, అంటే తయారీకి పంపిన పని చాలావరకు మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి ఫ్యాబ్ ఎంపిక జరిగేది చిప్ బయటికి రావడానికి కొన్నేళ్ల ముందే.

వంతు ఎలా వస్తుంది?

మాఘమాసపు ముహూర్తాలకు కల్యాణ మండపం దొరికినట్టే, ముందే అడ్వాన్స్ కట్టినవాళ్లకు దొరుకుతుంది. ఎన్విడియా ఆర్థిక నివేదికల్లో ఇలా సరఫరా కోసం ముందే కట్టిన సొమ్ములు కనిపిస్తాయి. కొత్త ప్రాసెస్‌ను తొలి రోజుల్లోనే భారీగా కొనే ఖాతాదారుకూ ముందు వరుస దక్కుతుంది. 2023లో 3 నానోమీటర్ల ఉత్పత్తి సింహభాగం యాపిల్‌కు పోయింది అలాగే.

చిప్ సైజు కూడా లెక్కలోకొస్తుంది. 300 మిల్లీమీటర్ల వేఫర్ మీద 100 చదరపు మిల్లీమీటర్ల ఫోన్ చిప్‌లు ఆరు వందలకు పైగా పడతాయి. 814 చదరపు మిల్లీమీటర్ల ఎన్విడియా హెచ్100 ఏఐ చిప్‌లైతే అరవై చిల్లర పడతాయి, అందులో పాడైనవి మళ్లీ పోను. ఏఐ చిప్‌ల గిరాకీ కొంచెం పెరిగినా వేఫర్లు ఇట్టే అయిపోయేది ఇందుకే.

వేఫర్ చేతికొస్తే గండం గడిచినట్టేనా?

గడవలేదు. ఏఐ చిప్‌ను, దాని పక్కన హెచ్‌బీఎం అనే అతి వేగమైన మెమరీని ఒకే పలక మీద కూర్చాలి. టీఎస్‌ఎంసీలో ఆ పనిని కోవాస్ అంటారు. అసలు కొరత ఏఐ చిప్‌లది కాదు, కోవాస్ సామర్థ్యానిదని ఆ సంస్థ అప్పటి చైర్మన్ మార్క్ లియూ 2023 సెప్టెంబరులో చెప్పారు. పదేళ్లకు పైగా ఉన్న పద్ధతే అది. మొదట్లో వాడుకున్నది అప్పట్లో హైదరాబాద్‌లోనూ పెద్ద కేంద్రమున్న జైలింక్స్. చాలాకాలం అంతగా గిరాకీ లేని ఆ లైన్ల దగ్గరే ఏఐ పరిశ్రమ మొత్తం ఆగిపోయింది.

హెచ్‌బీఎం చేసేవి ఎస్‌కే హైనిక్స్, శామ్‌సంగ్, మైక్రాన్. మామూలు డీర్యామ్ చేసేవీ ప్రధానంగా ఈ మూడే. అంతే మెమరీకి హెచ్‌బీఎం దాదాపు మూడు రెట్ల వేఫర్లు తింటుంది. ఫ్యాబ్‌లు అటు మళ్లడంతో ఇటు ఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకు మెమరీ తగ్గింది. 2025 చివర్లో ధరలు ఒక్కసారిగా పెరిగాయి. వినియోగదారులకు నేరుగా అమ్మే క్రూషియల్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నామని ఆ డిసెంబరులోనే మైక్రాన్ ప్రకటించింది.

ఈ వరుసలో చిన్న కంపెనీల గతేమిటి?

నాకు బాధ కలిగించేది ఇదే. మంచి డిజైన్ ఉన్నా అడ్వాన్స్ కట్టలేని స్టార్టప్‌కు పెద్ద సంఖ్యలో వేఫర్లు దొరకవు. నమూనాలకు మాత్రం షటిల్ అనే ఏర్పాటుంది. పది పన్నెండు కంపెనీల డిజైన్లను ఒకే వేఫర్ మీద సర్ది, మాస్కుల ఖర్చును పంచుతారు. దాంతో చిప్ పనిచేస్తుందని రుజువు చేసుకోవచ్చు, లక్షల్లో అమ్మడం కుదరదు. గీతల సన్నదనం అంత అవసరంలేని కరెంటు మీటర్లు, సెన్సర్లు, మోటారు కంట్రోలర్ల చిప్‌లైతే 28 నానోమీటర్లు, అంతకంటే పాత ప్రాసెస్‌లలో చేయించుకోవడం మేలు. గుజరాత్‌లోని ధొలేరాలో టాటా, తైవాన్ పీఎస్‌ఎంసీతో కలిసి కడుతున్న ఫ్యాబ్ ఆ తరహాదే.